గోడ అని రాశాను, కోట అని పాడాం

ముప్పై నాలుగేళ్ళకే రిటైరైన మనిషిని నేను. పింఛను లేదు. ఎవరూ శాలువా కప్పలేదు. వీడ్కోలు సభ కూడా జరగలేదు. జరిగి ఉంటే అక్కడ వాయించడానికి మా బ్యాండునే పిలిచేవాళ్ళు, అప్పటికి మా బ్యాండు లేదు.

పదకొండేళ్ళు తమిళనాడులో వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల ఒక రెగే బ్యాండులో బేస్ గిటార్ వాయించాను. ఇప్పుడు గుడియాత్తంలో మా మామ టైల్స్ అంగడిలో కూర్చుంటున్నాను. అప్పుడప్పుడు కుర్రాళ్ళు వస్తారు. "అన్నా, మేమూ బ్యాండు పెడదామనుకుంటాండాము, ఏమన్నా చెప్పన్నా" అంటారు. నేను అలవాటు కొద్దీ "ఏ సైజు కావాల?" అంటాను. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, వెళ్ళిపోతారు. వాళ్ళు అడిగింది అడిగినట్టే ఉండిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

పేపర్లో పడిన ఫోటోల గురించీ, ఎక్కడెక్కడ ఎవరి ముందు వాయించామన్న దాని గురించీ రాయను. అవన్నీ మా అమ్మ వీధిలో అందరికీ ఎప్పుడో చెప్పేసింది. మా పని నిజంగా ఎట్లా ఉండేది, నేను దాన్ని ఎక్కడ పాడు చేశాను, అవి రెండే రాస్తాను.

తాపీ

మా బ్యాండు పేరు తాపీ. శేఖర్ అన్న పాడేవాడు, గిటార్ వాయించేవాడు. ఇమ్రాన్ డ్రమ్స్. నేను బేస్. కీబోర్డుకు ఆ వారం ఎవరు దొరికితే వాళ్ళు.

శేఖర్ అన్నదీ నాదీ కట్టడం పని చేసే తెలుగు ఇళ్ళు. మా నాయన మేస్త్రీ, వాళ్ళ నాయన సెంట్రింగ్ పని. తాపీ అంటే మేస్త్రీ చేతిలో సిమెంటు పూసే పనిముట్టు. తొందర లేకపోవడం అని కూడా అర్థం. మా ఇళ్ళకు మొదటి అర్థం సరిపోయింది, రెగేకు రెండోది. ఆ పేరు తట్టిన రోజు మాకంటే తెలివైనవాళ్ళు జిల్లాలో లేరనుకున్నాం.

మొదటి పోస్టరు తమిళంలో వేయించాం. తమిళంలో త కూ ద కూ ఒకటే అక్షరం, ప కూ బ కూ ఒకటే. మైకు పట్టుకున్నాయన మమ్మల్ని "దాబీ" అని పిలిచాడు. నాట్రంపల్లిలో అది దాబా అయింది. ఒకాయన స్టేజీ వెనక్కి వచ్చి భోజనం ఎప్పుడు వడ్డిస్తారని అడిగాడు. ఆయనదీ న్యాయమైన ప్రశ్నే, మేమూ అదే ఎదురు చూస్తున్నాం.

మొదటి దెబ్బ

రెగే జమైకా అనే చిన్న దీవిలో పుట్టింది. అక్కడి పేదవాళ్ళు తమ ఆకలినీ, పోలీసులు చేసే గొడవనీ, అద్దె ఇళ్ళ బాధనీ ఈ తాళంలో పెట్టి పాడుకున్నారు. వినడానికి తేలిగ్గా, ఊయల ఊగినట్టు ఉంటుంది. వాయించబోతే తెలుస్తుంది. నాలుగు లెక్క పెట్టి, మొదటి దెబ్బను కొట్టకుండా వదిలేయాలి. బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. గిటారు ఆ దెబ్బల మీద కాకుండా మధ్యలో టక్కు టక్కుమంటుంది. పాటను బేస్ మోస్తుంది.

ఇమ్రాన్ పెళ్ళి ఊరేగింపుల్లో డ్రమ్స్ కొట్టి పెరిగాడు. మొదటి దెబ్బ కొట్టకపోతే పెళ్ళికొడుకు గుర్రం కూడా కదలదు. మూడు నెలలు వాడి చెయ్యి ఆగలేదు. చివరికి మా నాయన వాణ్ణి ఒక ఇంటి కప్పుకు కాంక్రీట్ పోసే రోజు పనిలో నిలబెట్టాడు. కింది నుంచి పై దాకా మనుషుల వరస. తట్ట చేతికి వచ్చినప్పుడు ఒళ్ళు దిగుతుంది, అందించినప్పుడు లేస్తుంది, ఖాళీ తట్ట పక్క నుంచి ఎగిరి వెనక్కి పోతుంది. తట్ట రాకముందే చెయ్యి చాపితే గాలే దొరుకుతుంది. సాయంత్రానికి ఇమ్రాన్‌కు నడుం పోయింది, తాళం వచ్చింది.

మా బ్యాండు మోత అట్లా తయారైంది. మమ్మల్ని విని ఎవరైనా ఇది జమైకా కాదు, ఏదో కట్టడం దగ్గర విన్నట్టుంది అంటే నాకు సంతోషంగా ఉండేది. ఇప్పటికీ ఆ ఒక్క విషయంలో నాకు సిగ్గు లేదు.

బేస్ వాయించేవాడి గురించి ఒక మాట. వాణ్ణి ఎవరూ చూడరు. వాడు ఆపితే మాత్రం అందరూ చూస్తారు. కాబట్టి వాడు ఆపడు. ఏం జరిగినా ఆపడు. నేను దీన్ని గొప్ప గుణమనుకునేవాణ్ణి.

బాసులు

మా బాసు శేఖర్ అన్నే. వేలూరు బాగాయంలో ఇల్లు. నాకంటే ఐదేళ్ళు పెద్ద. గొంతు ఎత్తితే సోడా అంగడివాడు కూడా సీసా కొట్టడం ఆపేవాడు. మంచి మనిషి. ఒక పట్టుదల ఉండేది: రిహార్సల్‌లో నోరు తెరిచి పాడడు, ఊరికే హమ్ చేస్తాడు. "గొంతు దాచుకోవాలరా, స్టేజీ మీద ఫ్రెష్‌గా రావాల" అనేవాడు. అందువల్ల కొత్త పాటలో మాటలు మేం కూడా జనంతో పాటే మొదటిసారి వినేవాళ్ళం.

మమ్మల్ని సమాజ స్పృహ ఉన్న బ్యాండు అనేవాళ్ళు. ఆ స్పృహ ఎంతదో ఒక ఉదాహరణ చెప్తాను. ఎండిపోయిన పాలారు నది మీద మాకొక పాట ఉండేది. ఒక ఊళ్ళో అది పాడబోతూ శేఖర్ అన్న వెనక్కి తిరిగి చూశాడు. వెనక బ్యానరు మీద ఆ కార్యక్రమానికి పోషకులైన నీళ్ళ బాటిళ్ళ వాళ్ళ బొమ్మ, మా ముగ్గురికంటే పెద్దది.

"ఏమిరా గోపీ, దీని ముందర ఈ పాట ఎట్ల పాడేది? దిగిపోదామా?" అన్నాడు. నిజంగానే దిగేలా ఉన్నాడు. ఇమ్రాన్ కూడా పుల్లలు కింద పెట్టాడు.

"దిగేముందు ఒక బాటిల్ అడుగన్నా, దాహంగా ఉండాది" అన్నాను.

నవ్వారు. పాడేశారు. బ్యాండులో నా అసలు ఉద్యోగం బేస్ కాదు, ఇదే. ఎవరికైనా కోపం వచ్చినా బాధ కలిగినా నేనొక మాట అనేవాణ్ణి, అది చల్లారిపోయేది. కోపంతో పాటు దానికి కారణమైన విషయం కూడా చల్లారిపోయేది. అది నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. తెలిసినప్పుడు దాని మీద కూడా జోకు వేశాను.

మునిరత్నం మేస్త్రీ

మునిరత్నం మేస్త్రీ మా నాయనతో కలిసి పని చేసిన మనిషి. గుడియాత్తంలో మాకు రెండు వీధుల అవతల ఉండేవాడు. భార్య పోయింది. కూతురు విజయను పొన్నైలో ఇచ్చాడు. నలభై ఏళ్ళ పని. గోడ కట్టి నూలు పట్టి చూస్తే, తప్పు నూలులో ఉందేమో అని అనుమానం వచ్చేది, గోడలో కాదు.

ఒక కల్యాణ మండపానికి ఆయన ప్రహరీ కట్టాడు. తరువాత యజమాని ఆ గోడ లోపలి వైపు ఎత్తుగా మట్టి తోలి తోట వేయించాలనుకున్నాడు. అట్లాగైతే వాన నీళ్ళు పోవడానికి గోడ అడుగున తూములు పెట్టాలని మేస్త్రీ చెప్పాడు. తూముల నుంచి బురద కారితే పెయింటు మీద చారలు పడతాయని యజమాని ఒప్పుకోలేదు. రెండో వానాకాలంలో మట్టి నీళ్ళు తాగి ఉబ్బింది. గోడ పడింది. ఆరు బైకుల మీదా, ఒక వాచ్‌మన్ కాలి మీదా పడింది.

చారల సంగతి యజమాని ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీ చేతి పని బాగాలేదని మాత్రం అందరికీ చెప్పాడు. ఊళ్ళో ఇద్దరు మునిరత్నాలు ఉండేవాళ్ళు. అప్పటి నుంచి గుర్తుపట్టడం సులువైంది: మన మేస్త్రీని "గోడ పడిన మునిరత్నం" అన్నారు. పనికి పిలవడం మానేశారు. ఇళ్ళు కట్టించేవాళ్ళు మానేస్తే ఆయన తట్టుకునేవాడే. తోటి మేస్త్రీలు మానేశారు.

ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. మా నాయన లేడు. నా కోసమే వచ్చానన్నాడు.

"నాయనా గోపీ, మీరు అన్యాయం అన్యాయం అని పాడ్తారు గదా. నాదీ ఒకటి ఉండాది. పాడ్తారా?"

"ఎవురి అన్యాయం మేస్త్రీ?"

"గోడది."

నా నోట్లో ఒక జోకు తయారైంది. అది బయటికి వచ్చేలోగా ఆయన పాడడం మొదలుపెట్టాడు. పని దగ్గర వరసలు కట్టి పాడే అలవాటు ఆయనకు ముందు నుంచీ ఉంది. ఇది మాత్రం వేరేగా ఉంది.

*గోడ కట్టినోణ్ణి అడుగు, గోడ యాల పడిందో*
*నీళ్ళకు దావ ఇయ్యమంటి, నా మాట యాడ పడిందో*

యాల అంటే ఎందుకు, దావ అంటే దారి. ఇంకా నాలుగు చరణాలు ఉన్నాయి. నేను విన్నవాటిలో రెగేకు అంత సరిగ్గా కుదిరిన పాట ఇంకోటి లేదు, ఆ దీవి నుంచి వచ్చినవి కలుపుకున్నా.

"మండపం పేరు వద్దు, కట్టించినాయప్ప పేరు వద్దు. నీళ్ళకు దావ ఇయ్యమని నేను చెప్పినా. అదొక్కటి తెలిస్తే చాలు. నాలుగు మంది మేస్త్రీలు ఇంటే చాలు నాయనా, ఈ చెవిలో నుంచి ఆ చెవిలోకి అదే పోతాది. మల్లా పనికి పిలుస్తారు."

"పాడ్తాము మేస్త్రీ" అన్నాను. ఒట్టేమీ వేయలేదు. వేయమని ఆయనా అడగలేదు.

కాగితం

పాట రాసుకున్నాను. తెలుగు పాటే కానీ తెలుగులో రాయలేదు, తమిళ అక్షరాల్లో రాశాను. మా ముగ్గురిలో ఎవరికీ తెలుగు చదవడం రాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మా వైపు చాలామంది అంతే. అమ్మ తిట్టేది తెలుగులో, ఆ తిట్టు రాయాలంటే తమిళంలో.

తమిళంలో క కూ గ కూ ఒకటే అక్షరం. ట కూ డ కూ ఒకటే. గోడ అని నేను రాసిన దాన్ని ఇంకొకడు కోట అనీ చదవవచ్చు. తమిళం పద్ధతిగా నేర్చుకున్నవాళ్ళు కోట అని పలకాలంటే అక్కడ ఒత్తు రాయాలంటారు. మేం తెలుగు రాసేటప్పుడు ఒత్తులూ పద్ధతులూ ఎవరు చూశారు. చదివేవాడికి ఆ మాట ముందే తెలిసి ఉండాలి. తెలిసి ఉంటే వాడికి కాగితమే అక్కర్లేదు.

శేఖర్ అన్నకు పాటలో ఉన్నది ఏ మాటో తెలియదు. నేను గోడ కథ అంతా చెప్పబోయాను. ఆయన గొంతుకు ఆవిరి పట్టుకుంటున్నాడు. "ట్యూన్ చెప్పరా చాలు" అన్నాడు, దుప్పటి లోపలి నుంచి. దుప్పటికి కథ చెప్పడం ఎందుకని ట్యూన్ చెప్పాను. రిహార్సల్‌లో మామూలుగానే హమ్ చేశాడు. వేలూరులో ఒక కాలేజీ ఫంక్షన్ రోజు సాయంత్రం కాగితాన్ని మైకు కర్రకు క్లిప్పుతో పెట్టుకుని మొదటిసారి నోరు తెరిచాడు.

"కోట కట్టినోణ్ణి అడుగు, కోట యాల పడిందో."

ఆయన తప్పేమీ లేదు. పుట్టినప్పటి నుంచి బస్సులో వేలూరు కోట పక్కనే తిరిగిన మనిషి. ఆ ఊళ్ళో ఆ అక్షరాలు చూస్తే ఎవరికైనా కోటే కనిపిస్తుంది. పైగా రెండో వరస దానికి అచ్చంగా అతుక్కుంది. నీళ్ళకు దావ అంటే కోట చుట్టూ ఉన్న కందకం అనుకున్నారు. పిల్లలు లేచి నిలబడ్డారు. పల్లవి మూడోసారికి కాలేజీ మొత్తం కోట అని అరుస్తోంది. నేను శేఖర్ అన్న వైపు చూశాను. వేళ్ళు మాత్రం ఆగలేదు. చెప్పాను కదా, బేస్ ఆగదు.

తరువాత ఒక లెక్చరర్ మైకు తీసుకుని, అహంకారంతో కట్టిన కోటలు కూలక తప్పదని ఈ పాట ఎంతో లోతుగా చెప్పిందన్నాడు. వేలూరు కోట కూలలేదు. కిటికీలో నుంచి తొంగి చూస్తే కనిపించేంత దూరంలో గట్టిగా నిలబడి ఉంది. ఎవరూ తొంగి చూడలేదు.

వ్యానులో శేఖర్ అన్నకు చెప్పాను.

"అన్నా, అది కోట కాదు. గోడ."

"ఏ గోడరా?"

"మునిరత్నం మేస్త్రీ గోడ. పడింది గదా."

జేబులో నుంచి కాగితం తీసి చూశాడు. "రాసింది నువ్వే గదా? ఈడ కోట అనే ఉండాది."

"గోడ అని కూడా ఉండాది."

"రెండూ ఉంటే నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు. ఆయన అన్నది సబబే. కాసేపటికి మళ్ళీ ఆయనే, "సరి విడు. గుడియాత్తంలో గోడ అని పాడ్తా. మేస్త్రీని రమ్మను" అన్నాడు.

ఈ లోపల కాలేజీ పిల్లలు తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది. కోట ముందు నిలబడి ఫోటోలు తీసుకునే కొత్త జంటలు కూడా వెనక మా పాట పెట్టుకున్నారు. కూలిపోయే పాటతో కాపురం మొదలుపెట్టిన వాళ్ళంతా బాగున్నారనే ఆశిస్తున్నాను.

గుడియాత్తం

ఒక యువజన సంఘం వార్షికోత్సవం. మునిరత్నం మేస్త్రీ ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయనతో నలుగురు మేస్త్రీలు. నాలుగు మంది వింటే చాలన్న ఆ నాలుగు మందినీ ఆయన ఇల్లిల్లూ తిరిగి బతిమాలి తెచ్చుకున్నాడని నాకు తరువాత తెలిసింది. రెండో వరసలో కూర్చోబెట్టి, తాను చివరి కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు.

"అన్నా, ఈ రోజు గోడ" అని శేఖర్ అన్నకు గుర్తు చేశాను. తల ఊపాడు.

మేం స్టేజీ ఎక్కగానే వెనక నుంచి కుర్రాళ్ళు "కోట, కోట" అని మొదలుపెట్టారు. వేరే పాటలు రెండు పాడాం. వాళ్ళు ఆపలేదు. ఇమ్రాన్ ఆ పాటకు తాళం ఎత్తుకున్నాడు. శేఖర్ అన్న మైకు దగ్గరకు పోయే ముందు నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. ఏం చేద్దాం అని. అడిగాడు. నిజంగానే అడిగాడు. ఆయన మీద నేను ఎన్ని చెప్పినా ఇది మాత్రం దాచకూడదు.

నేను భుజాలు ఎగరేశాను. నీ ఇష్టం అన్నట్టు.

ఆయన కోట అని పాడాడు. మూడు వందల మంది లేచారు. ఆ నలుగురు మేస్త్రీలు కూడా చప్పట్లు కొట్టారు. మేస్త్రీ మాత్రం మొదటి చరణంలోనూ రెండో చరణంలోనూ ముందుకు వంగి కూర్చున్నాడు, ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అన్నట్టు. మూడో చరణంలో వెనక్కి ఆనుకున్నాడు.

కార్యక్రమం అయ్యాక వాళ్ళు ఐదుగురూ స్టేజీ పక్కకు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన, పాపం, ఏమీ తెలియక అడిగాడు.

"పాట బాగుండాది మునిరత్నం. నీ గోడ పాట ఎప్పుడు పెడ్తారు?"

మేస్త్రీ నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, నా చేతికి అందేంత దూరంలో. జనం సగం మంది ఇంకా పోలేదు. ఇది ఈయన పాట, ఈయన గోడ, తూములు పెట్టమని ఈయన చెప్పాడు అని నాలుగు మాటలు చాలు. నాకు ఆ నాలుగు మాటలూ వచ్చు.

"గోడకు ప్రమోషన్ ఇచ్చేసినాం మేస్త్రీ. ఇప్పుడది కోట" అన్నాను.

అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు, మిగతావాళ్ళకంటే ఒక్క క్షణం ఆలస్యంగా. "టీ తాగి పోదాం రాండప్పా" అని వాళ్ళను తీసుకుని వెళ్ళిపోయాడు. పోతూ నా భుజం తట్టాడు కూడా. తిట్టి ఉంటే నేను ఇన్నేళ్ళు దీన్ని మోసేవాణ్ణి కాదేమో.

వైర్లు చుడుతూ ఇమ్రాన్, "ఆ మాట అనకుండా ఉండాల్సింది రా" అన్నాడు.

"ఊరికే జోకురా."

"తెలుసు" అన్నాడు.

తరువాత

సరిదిద్దడానికి ఇంకో అవకాశం వచ్చింది. చెన్నైలో ఆ పాట రికార్డు చేశాం. మాటలన్నీ సరిగ్గా ఉన్నాయా అని అక్కడి ఇంజనీరు అడిగాడు. హెడ్‌ఫోన్ నా చెవులకే ఉంది. ఉన్నాయి అన్నాను. అప్పటికి ఆ పాట మీదే మాకు నాలుగు ఊళ్ళ నుంచి పిలుపులు వచ్చి ఉన్నాయి. రచన మునిరత్నం అని పేరు వేయించాను. అది ఆయనకు చేసిన న్యాయం అని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. తన పేరు పెట్టిన పాటలో తన మాట లేకుండా చేయడాన్ని ఏమంటారో నాకు తెలియదు. తరువాత కొన్నాళ్ళకే ఆయన ఇల్లు ఖాళీ చేసి పొన్నైకి, కూతురి దగ్గరకు వెళ్ళిపోయాడు.

బ్యాండు విడిపోవడంలో కొట్లాట ఏమీ లేదు. ఒక శనివారం రిహార్సల్‌కు ఎవరూ రాలేదు. తరువాతి శనివారం కూడా రాలేదు. నేనూ రాలేదు కాబట్టి ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. శేఖర్ అన్న చెన్నైలో భక్తి పాటలు పాడుతున్నాడు, ఇంకా రిహార్సల్‌లో హమ్ చేస్తున్నాడని విన్నాను. ఇమ్రాన్ మళ్ళీ పెళ్ళిళ్ళకు పోతున్నాడు.

ముప్పై ఐదేళ్ళ వయసులో నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. వేలూరు బస్టాండులో చిత్తూరు బస్సుల బోర్డులు చూసి మొదలుపెట్టాను. నెల రోజులు నాకు ఊళ్ళ పేర్లు తప్ప ఏమీ చదవడం రాలేదు. కండక్టర్లు ఎక్కుతావా ఎక్కవా అని అరిచేవాళ్ళు. కొంచెం చెయ్యి తిరిగాక గోడ, కోట పక్కపక్కన రాసి చూశాను. ఓత్వం తప్ప ఏదీ కలవలేదు. గుడ్డివాడు కూడా పొరబడడు. అంత తేలికైన పని.

బ్యాండు పెట్టబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను చెప్పగలిగింది కొంచెమే. ఎవరి బాధనైనా పాట చేసేటప్పుడు, పాడేవాణ్ణి వాళ్ళ ముందు ఒకసారి నోరు తెరిచి పాడించండి. జనం ఏ మాటకు లేస్తారో అది నిజమైన మాట కాకపోవచ్చు. మీలో నాలాంటి జోకులవాడు ఒకడు ఉంటే ఉండనివ్వండి, వ్యానులో పనికొస్తాడు. స్టేజీ దిగాక మాత్రం వాణ్ణి ముందు నిలబెట్టవద్దు.

పొన్నై

పోయిన ఏడాది పొన్నైకి వెళ్ళాను. ఫోన్‌లో పాట కొత్తగా పాడి పెట్టుకున్నాను, గోడ అని. ఇమ్రాన్ తాళం వేశాడు. నా గొంతు బాగుండదు. మాట మాత్రం సరిగ్గా ఉంది. ఆయనకు వినిపించి, సరే అంటే అందరికీ పంపిద్దామని నా ఆలోచన.

విజయ అక్క గుర్తుపట్టింది. "నాయనా, బ్యాండు గోపి వచ్చినాడు" అని లోపలికి పిలిచింది. మేస్త్రీ పెరట్లో కొత్తగా కట్టిన తొట్టికి పూత పూస్తున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. సన్నబడ్డాడు, కానీ హుషారుగా ఉన్నాడు. చేతి నిండా పని ఉందన్నాడు.

"ఈడ నన్ను కోట మేస్త్రీ అంటారు నాయనా. పాట రాసినాయన కట్టిన ఇల్లు అని చెప్పుకుంటారు. ఎదురింటాయప్ప ఫోన్ మోగితే మన పాటే."

నేను చెప్పాల్సింది చెప్పాను. అక్షరాల సంగతి, శేఖర్ అన్న అడిగినప్పుడు నేను భుజాలు ఎగరేసిన సంగతి, రికార్డింగ్ సంగతి. మధ్యలో ఎక్కడా నవ్వించలేదు. ఆయన విన్నాడు.

"ఇప్పుడు గోడ అని పాడినా మేస్త్రీ. ఫోన్‌లో ఉండాది. గుడియాత్తంలో అందరికీ పంపిస్తా. వినండి ఒకసారి."

"వద్దు నాయనా."

"మీరే గదా అడిగినారు."

"అప్పుడు అడిగినా. ఆ నాలుగు మంది ఇంటారని అడిగినా." అరచేతిలో కడిగినా పోని సిమెంటు గోకాడు. "ఈడ ఎవురికీ గోడ సంగతి తెలీదు. నువ్వు గోడ అని పాడ్తే, ఏ గోడ మేస్త్రీ అని అడుగుతారు. నేనేమని చెప్పేది? ఆడ వదిలేసి వచ్చిన మునిరత్నం ఈడికి కూడా వచ్చేస్తాడు. తీసెయ్యి నాయనా దాన్ని."

ఆయన కళ్ళ ముందే తీసేశాను. ఆయన చూశాడు, సరిగ్గా పోయిందా అని అడిగాడు.

అంతలో ఎదురింటాయన వచ్చాడు, వెనక ఇంకో ఇద్దరు. బ్యాండులో వాయించినాయన వచ్చాడని విజయ అక్క చెప్పినట్టుంది. ఒకసారి పాడండి, మేస్త్రీతో కలిసి పాడండి, మేం ఫోన్‌లో తీసుకుంటాం అన్నారు. నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన నా కోసం ఆగలేదు. గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

"కోట కట్టినోణ్ణి అడుగు..."

స్పష్టంగా, క మీదా ట మీదా బరువు పెట్టి పాడాడు. ఎవరికీ ఏ అనుమానమూ రాకుండా. నేనూ కోట అనే అందుకున్నాను. నాలుగు చరణాలూ అట్లాగే పాడాం. ఆయన వరస తప్పలేదు.

పాట అయ్యాక ఎదురింటాయన ఫోన్ దించి అడిగాడు.

"మేస్త్రీ, నాకు ముందు నుంచీ ఒక డౌటు. నీళ్ళకు దావ ఇయ్యమంటి అంటావే, అది కోట సుట్టూ నీళ్ళుండాయి గదా, దాని గురించే గదా?"

"అవునప్పా" అన్నాడు మునిరత్నం మేస్త్రీ. "దాని గురించే."